ముసురులో ఆవిరి ఇంజిన్‌ను ఫోటో తీయడం: రాయగడ కొండల్లో సాధన నుంచి కూనూరు ఘాట్ దాకా

జూన్ దాటితే చాలు, ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం మిత్రుల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. “సెలవు పెట్టుకుని, డబ్బు ఖర్చు పెట్టుకుని నీలగిరి కొండ రైలు కోసం కూనూరు దాకా వెళ్లాం. తీరా ఇంజిన్ వచ్చే వేళకు ముసురు పట్టింది. ఫోటోలన్నీ బూడిద పూసినట్టు వచ్చాయి. ఎలా తీయాలి?”

ఆ ఫోటోలు వాన వల్ల చెడలేదు. తెల్లని ఆకాశం ముందు తెల్లని ఆవిరిని నిలబెట్టడం వల్ల చెడ్డాయి. కెమెరాను వానలో వాడటం ఆ రోజే మొదలుపెట్టడం ఇంకో కారణం. నీలగిరి కొండ రైలు మామూలు రోజుల్లో మేట్టుపాళయం నుంచి ఉదయం ఒక్కసారే కొండెక్కుతుంది. మీ ముందు నుంచి ఇంజిన్ దాటిపోవడానికి అర నిమిషం చాలు. తప్పులు చేసి నేర్చుకునే చోటు కాదది. చేయవలసిన తప్పులన్నీ మన ఊళ్లో, మన ఘాట్‌లో చేసి, దిద్దుకుని వెళ్లాలి. అందుకే ఈ మార్గదర్శి రాయగడలో మొదలవుతుంది.

1. ఆవిరి ఎప్పుడు కనిపిస్తుందో తెలుసుకోండి

టీ కెటిల్ మరిగేటప్పుడు దగ్గరగా చూడండి. ముక్కు చివర వేలెడంత మేర ఏమీ కనిపించదు. ఆ తర్వాతే తెలుపు మొదలవుతుంది. అసలు ఆవిరికి రంగు లేదు. చల్లగాలి తగిలి సన్నని నీటి తుంపరగా మారాకే అది మన కంటికి తెల్లగా కనిపిస్తుంది.

ఇంజిన్ దగ్గరా అంతే. మండుటెండలో, పొడిగాలిలో ఆ తుంపర వెంటనే ఆరిపోతుంది. పొగగొట్టం పైన పలచని తెర మాత్రం మిగులుతుంది. గాలి చల్లగా, తేమగా ఉన్న రోజున అదే ఆవిరి గుట్టలు గుట్టలుగా లేచి చాలాసేపు నిలుస్తుంది. కాబట్టి ముసురు పట్టిన ఉదయం ఆవిరి ఫోటోకు అన్నిటికన్నా మంచి వేళ.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొండ ఎక్కేటప్పుడు, ఆగిన చోటు నుంచి బయలుదేరేటప్పుడు ఇంజిన్ మీద భారం ఎక్కువ, ఆవిరీ ఎక్కువ. దిగేటప్పుడు గొట్టం నుంచి వచ్చేది చాలా తక్కువ. అందువల్ల ఎప్పుడూ ఎక్కే బండికే సిద్ధం కావాలి.

2. మన కొండ మార్గంలో నాలుగు సాధనలు

కొరాపుట్–రాయగడ మార్గంలో గానీ, కొత్తవలస–కిరండూల్ మార్గంలో గానీ ఇప్పుడు ఆవిరి ఇంజిన్లు నడవవు. కరెంటు ఇంజిన్లే. అయినా వానాకాలంలో కూనూరు కొండ పెట్టే పరీక్షలన్నీ ఇక్కడా ఉన్నాయి: సొరంగాలు, మలుపులు, తడిసిన పచ్చదనం, పది నిమిషాలకోసారి కమ్ముకుని విడిపోయే పొగమంచు. సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగూడ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఆగస్టులో ఒక పూట గడిపితే చాలు, మంచులో కెమెరా ఎలా తడబడుతుందో తెలుస్తుంది. రాయగడ వారికి కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ రోడ్ దగ్గర. కొరాపుట్ వారికి దామంజోడి.

మొదటి సాధన: ఒక స్తంభాన్నో మైలురాయినో ఎంచుకుని దాని మీద ఫోకస్ చేసి, ఆటో ఫోకస్ ఆపేయండి. బండి ముందు భాగం సరిగ్గా అక్కడికి రాగానే నొక్కండి. పది బండ్లలో ఎనిమిదింటికి సరిగ్గా కుదిరేదాకా వదలకండి.

రెండవది: బరువుతో మెల్లగా వచ్చే గూడ్సు బండిని 1/30 సెకను షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) వద్ద, నడుము నుంచి పై శరీరాన్ని తిప్పుతూ వెంబడించి తీయండి. బండి స్పష్టంగా, వెనక చెట్లు గీతలుగా రావాలి. మొదట్లో ఇరవైకి ఒకటి కుదిరినా మంచిదే.

మూడవది: వాన ధారలు పట్టడం. చీకటిగా ఉన్న చెట్ల గుంపు ముందు 1/60 నుంచి 1/125 మధ్య తీస్తే చినుకులు గీతలుగా వస్తాయి. 1/1000 దగ్గర అవే చినుకులు చుక్కలుగా మారి, ఫోటోలో దుమ్ము పడినట్టు కనిపిస్తాయి.

నాలుగవదానికి రైలే అవసరం లేదు. తెల్లవారుజామున బస్టాండు దగ్గర టిఫిన్ హోటలుకు వెళ్లండి. యజమానిని అడిగి, ఇడ్లీ పాత్ర మూత తీసే క్షణాన్ని తీయండి. ఒకసారి తెల్ల సున్నం గోడ వెనక ఉండేలా, ఒకసారి మసి పట్టిన వంటింటి చీకటి వెనక ఉండేలా. మొదటి ఫోటోలో ఆవిరి ఉన్నట్టే తెలియదు. రెండవదానిలో ఒక్కో చుట్ట, ఒక్కో పొర విడివిడిగా కనిపిస్తుంది. నాకు ఈ విద్య పట్టుబడింది అక్కడే. ఏ పుస్తకమూ ఇంత త్వరగా నేర్పలేదు.

3. అనుమతి, ప్రాణ భద్రత

ఈ భాగాన్ని దాటవేయకండి.

1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైలు మార్గంలోకి వెళ్లడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. స్టేషన్‌లో అయితే టికెట్టు తీసుకుని, స్టేషన్ మాస్టారును కలిసి, ఏం తీయబోతున్నారో చెప్పి అడగండి. వద్దంటే వద్దు. ఊళ్లో గేటు బయట, రోడ్డు వంతెన మీద, మీకు తెలిసిన రైతు పొలం గట్టు మీద చోట్లకు కొదవ లేదు. డ్రోన్ ఆలోచన పూర్తిగా మానుకోండి.

మన మార్గాల మీద తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. తగలకపోయినా, దగ్గరకు వెళితే చాలు, ప్రమాదమే. తీగకు రెండు మీటర్ల లోపుకు మీరు గానీ, మీ చేతిలోని వస్తువు గానీ పోకూడదు. పాదచారుల వంతెన మీద పొడవాటి గొడుగు, సెల్ఫీ కర్ర, తడిసిన ట్రైపాడ్ పైకెత్తకండి. ఉరుము వినబడితే కెమెరా సంచిలో పెట్టి పక్కా కప్పు కిందకు వెళ్లిపోండి.

కట్ట వెంబడి పని చేసే ఒక పెద్దాయన లక్ష్మీపూర్ వైపు నాతో అన్న మాట ఇది: “బాబూ, వాన చప్పుడులో బండి చప్పుడు కలిసిపోతుంది. చెవిని నమ్ముకోకండి. పట్టాలకు దూరంగా నిలబడి కంటితో చూడండి.” మలుపులో, సొరంగం దగ్గర ఈ మాట అక్షరాలా నిజం. కొండ కోసిన చోట కొత్తగా జారిన ఎర్రమట్టి, గోడలోంచి కారుతున్న బురదనీరు కనిపిస్తే అక్కడ ఒక్క నిమిషం కూడా ఆగకండి.

కూనూరు దారిలో అడవిలో నడిచి చోటు వెతుక్కుందామనుకోవడం మరీ ప్రమాదం. కల్లార్ స్టేషన్ పై భాగంలో ఏనుగులు తిరుగుతాయి. బండిలో ప్రయాణిస్తూ, ఆగే స్టేషన్లలో తీయడమే సరైన పద్ధతి.

4. సంచిలో ఉండవలసినవి

- కెమెరాకు వాన తొడుగు. లేకపోతే పెద్ద పాలిథిన్ సంచికి లెన్సు పట్టేంత రంధ్రం చేసి, రబ్బరు బ్యాండుతో బిగించండి
- లెన్సు హుడ్, అంటే లెన్సు ముందు తగిలించే గొట్టం లాంటి తొడుగు. వానలో దీనికి మించిన రక్షణ లేదు
- పాత నూలు పంచె ముక్కలు నాలుగు, లెన్సు తుడిచే మెత్తని గుడ్డలు మూడు. లెన్సు గుడ్డలను వేర్వేరు జిప్ కవర్లలో పెట్టండి, ఒకటి తడిస్తే ఇంకొకటి పొడిగా ఉంటుంది
- అదనపు బ్యాటరీ, లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా. చలిలో బ్యాటరీ త్వరగా పడిపోతుంది
- సిలికా జెల్ పొట్లాలు
- అంచున్న టోపీ. గొడుగు కన్నా ఇదే మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి
- పట్టున్న బూట్లు, మార్చుకోవడానికి పొడి మేజోళ్లు
- జలగల కోసం ఉప్పు మూట

ఫ్లాష్ తీసుకెళ్లకండి. ఎదురుగా ఉన్న చినుకులను తెల్లని మచ్చలుగా మార్చడమే కాదు, డ్రైవర్ కళ్లకు కొట్టి ప్రమాదం తెస్తుంది.

5. చోటు ఎంపిక: ముందు వెనకను చూడండి

చాలామంది బండి ఎక్కడ బాగా కనిపిస్తుందో వెతుకుతారు. మీరు దాని వెనక ఏముందో వెతకండి.

ఇంజిన్ గొట్టం నుంచి ఆవిరి లేచే ఎత్తు దాకా వెనక చీకటి రంగు ఉండాలి: దట్టమైన చెట్లు, తడిసిన నల్లరాతి గోడ, సొరంగం నోరు, కొండ నీడ. ఆకాశం ఎంత తక్కువగా కనిపిస్తే అంత మంచిది. మబ్బు రోజున ఆకాశం పాలిపోయిన తెల్ల కాగితం లాంటిది, దానివల్ల ఫోటోకు వచ్చే లాభం లేదు. కొంచెం ఎత్తు నుంచి కిందకు చూస్తూ తీస్తే ఆకాశం దానంతట అదే తప్పుకుంటుంది.

తర్వాత గాలి. ఇంజిన్ వైపు నుంచి మీ వైపు గాలి వీస్తుంటే ఆవిరి ముందుకు పడి బండినే మింగేస్తుంది. గడ్డిపోచ వదిలి చూడండి, లేదా దగ్గర్లోని ఇంటి పొయ్యి పొగ ఎటు వాలుతుందో గమనించండి. గాలి మీ వీపుకు తగులుతూ బండి వైపు పోవాలి. వాన కూడా అప్పుడు లెన్సు మీద కాక మీ వీపు మీద పడుతుంది. ఒకే చోట రెండు లాభాలు.

మూడవది దూరం. ఇక్కడే అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. మంచు పడుతుంటే పెద్ద జూమ్ లెన్సు తీసి దూరం నుంచి పట్టాలనుకుంటారు. లెన్సు దూరాన్ని దగ్గర చేయగలదు కానీ మధ్యలోని మంచును తీసేయలేదు. 200 మీటర్ల మేర మంచు మీ ఫోటోలోకి వచ్చి చేరుతుంది. మంచు రోజున భద్రంగా ఉండేంతలో దగ్గరకు వెళ్లి, 35 నుంచి 50 మి.మీ. లెన్సుతో తీయండి. ఇంజిన్ నల్లగా, గట్టిగా నిలబడుతుంది, వెనక కొండ మంచులో కరిగిపోతుంది. కావలసింది అదే.

నీలగిరి మార్గానికి ప్రత్యేకంగా ఒక సంగతి. అక్కడ ఇంజిన్ ఎప్పుడూ దిగువ వైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనక నుంచి పెట్టెలను నెడుతుంది. ఎదురు చూస్తున్న మీకు ముందు పెట్టెలు కనిపిస్తాయి. వాటికే బటన్ నొక్కుతూ పోతే ఇంజిన్ వచ్చే వేళకు కెమెరా తీసిన ఫోటోలను కార్డులో దాచడం ముగించుకోలేక ఆగిపోతుంది. పెట్టెలను దాటనివ్వండి. ఇంకొకటి: ఆవిరి ఇంజిన్ సాధారణంగా మేట్టుపాళయం–కూనూరు మధ్యే ఉంటుంది. కూనూరు నుంచి ఉదకమండలం (ఊటీ) దాకా డీజిల్. ఊటీలో గది తీసుకుని, అక్కడి స్టేషన్‌లో ఆవిరి కోసం ఎదురుచూసి నిరాశపడేవారు ప్రతి ఏడాదీ ఉంటారు.

డార్జిలింగ్ కొండ రైలు కోసం వెళ్లేవారికి ఈ ఇబ్బంది లేదు. అక్కడ బి తరగతి చిన్న ఇంజిన్ ఎక్కేటప్పుడు పెట్టెలను ముందుండి లాగుతుంది. ఘూమ్ స్టేషన్ దగ్గర మంచు మాత్రం ఇంకా దట్టం.

6. కెమెరా సెట్టింగులు

నల్ల ఇంజిన్, తెల్ల ఆవిరి, బూడిద వెలుతురు. ఈ మూడింటి మధ్య వెలుతురు కొలిచే కెమెరా మీటరు తికమకపడుతుంది. ఫ్రేములో నల్ల ఇంజిన్ నిండితే వెలుతురు తక్కువని భ్రమించి ఆవిరిని తెల్ల మచ్చ చేస్తుంది. తెల్ల మంచు నిండితే వెలుతురు ఎక్కువని భ్రమించి ఇంజిన్‌ను మసి ముద్ద చేస్తుంది. కాబట్టి బండి రాకముందే మాన్యువల్‌లో, అంటే అంకెలన్నీ మీరే పెట్టే పద్ధతిలో, నిర్ణయించేయండి.

పద్ధతి ఇది. చోటుకు చేరగానే తడి ఆకుల మీద గానీ, కంకర మీద గానీ వెలుతురు కొలత తీసుకోండి. ఒక ఫోటో తీసి హిస్టోగ్రామ్ (ఎడమ నుంచి కుడికి నలుపు నుంచి తెలుపు దాకా చూపే గ్రాఫు) చూడండి. కుడి అంచున కొంచెం ఖాళీ మిగలాలి. ఆ ఖాళీ ఆవిరి కోసం. వెలుతురు మారినట్టు అనిపించినప్పుడల్లా మళ్లీ ఒకటి తీసి చూసుకోండి.

మొదలుపెట్టడానికి అంకెలు:

- ఘాట్ ఎక్కే ఆవిరి బండికి షట్టర్ 1/250 నుంచి 1/320. అది మెల్లగా ఎక్కుతుంది, ఇంకా వేగం అక్కర్లేదు
- మన మార్గంలో ప్రయాణికుల బండికి 1/640 లేదా ఇంకా వేగంగా
- ఎపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) ఎఫ్ 4 నుంచి ఎఫ్ 5.6
- ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800 నుంచి 3200. భయపడకండి. చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచితే వచ్చే గరుకు, ఎక్కువ ఐఎస్ఓ తెచ్చే గరుకు కన్నా చెడ్డది
- ఫైలు రా (RAW) పద్ధతిలో, అంటే కెమెరా కుదించకుండా దాచేలా. కుదించి దాచే జేపెగ్‌లో పోయిన ఆవిరి పొరలు తిరిగి రావు

ఆటో ఫోకస్ ఆవిరి మీద, మంచు మీద నిలవదు, ముందుకూ వెనక్కూ వెతుకుతూ ఉంటుంది. రాయగడలో చేసిన మొదటి సాధన ఇక్కడ పనికొస్తుంది: స్తంభం మీద ఫోకస్, ఆటో ఆపడం, ఎదురుచూడటం.

పోలరైజర్ ఫిల్టర్ తడి ఆకుల మీద మెరుపును తగ్గించి పచ్చదనాన్ని చిక్కగా చేస్తుంది. కానీ వెలుతురును ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల మేర (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తినేస్తుంది. జల్లు ఆగి, వెలుతురు కాస్త తేరుకున్నప్పుడే పెట్టండి.

7. బండి వచ్చే ముందు గంట

*గంట ముందు:* చోటులో ఉండాలి. కెమెరాను సంచిలోంచి తీయకుండానే సంచి జిప్ కొంచెం తెరిచి, బయటి గాలికి అలవాటు పడనివ్వండి.

*అరగంట ముందు:* గాలి, వెనక చీకటి, ఫోకస్ స్తంభం ఖాయం చేసుకోండి. మనిషినో గట్టునో ముందు భాగంలో పెట్టాలనుకుంటే ఇప్పుడే చూసుకోండి. మన వైపు అయితే పొలంలో గిడుగు వేసుకుని నాట్లు వేస్తున్న ఆడవాళ్లు ఫోటోకు ప్రాణం పోస్తారు. పలకరించి, అడిగి తీయండి.

*పది నిమిషాల ముందు:* లెన్సు తుడవండి, మూత పెట్టండి, లెన్సును నేల వైపు వంచి పట్టుకోండి.

*కొండ మీద తెల్లని చుక్క కనిపించగానే:* దూరాన కూత వేసినప్పుడు ముందు ఆవిరి కనిపిస్తుంది, తర్వాత శబ్దం వినిపిస్తుంది. కంటికీ చెవికీ మధ్య ఒక్కో సెకను తేడాకు సుమారు 340 మీటర్ల దూరం. మూడు సెకన్లు లెక్కపెట్టగలిగితే ఇంజిన్ ఇంకా కిలోమీటరు అవతల ఉన్నట్టు. మూత తీసి, చివరిసారి తుడవండి.

*బండి వచ్చాక:* స్తంభం దగ్గరికి రాకముందే నొక్కవద్దు. వరుసగా నాలుగైదు, ఒక క్షణం ఆగి, మళ్లీ నాలుగైదు. దాటిపోయాక కెమెరా దించేయకండి. తడి పట్టాల మీద, చెట్ల కొమ్మల మధ్య వేలాడే ఆవిరి తరచుగా బండి కన్నా మంచి ఫోటో ఇస్తుంది.

కూనూరు దారిలోని హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో నీళ్లు పట్టుకోవడానికి ఇంజిన్ ఆగినప్పుడు ప్రయాణికులు దిగవచ్చు. అందరూ ఇంజిన్ ముందు నిలబడి తమ ఫోటోలు దిగుతారు. మీరు పక్కకు రండి. వేడి బాయిలరు మీద పడిన చినుకు చిట్లి, అక్కడికక్కడే ఆవిరై పోవడం, కడ్డీల మీద నూనెలో నీటి బొట్లు నిలవక జారడం, తడిసిన గుడ్డతో చేయి తుడుచుకుంటున్న ఫైర్‌మన్. ఈ దృశ్యాల కోసమే నేను మళ్లీ మళ్లీ ఆ బండి ఎక్కుతాను. బయలుదేరే ముందు మాత్రం వెనక్కి జరగండి, సిలిండర్ల కింద నుంచి పక్కకు చిమ్మే ఆవిరి కాలుస్తుంది.

8. ఫోను మాత్రమే ఉన్నవారికి

ఫోనులో జూమ్ చేయకండి. ఇంజిన్ వచ్చే చోట తెర మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ స్థిరపడతాయి. ఆ తర్వాత వెలుతురును కొంచెం కిందకు లాగండి. తడి వేలికి తెర సరిగా స్పందించదు, అందువల్ల వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసేలా ముందే పెట్టుకోండి.

9. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాటు

*లెన్సు లోపల మంచు పట్టింది.* చల్లని వస్తువు తేమ గాలిలోకి వస్తే ఇలా అవుతుంది. ఏసీ గదిలోంచి రాయగడ వీధిలోకి వచ్చినా, కూనూరు చలిలోంచి వెచ్చని టీ కొట్టులోకి వెళ్లినా ఒకటే. తుడిచినా ప్రయోజనం లేదు. కెమెరాను మూసిన ప్లాస్టిక్ కవరులో అరగంట ఉంచి, తర్వాత తెరవండి. కొట్టులోకి వెళ్లేటప్పుడు సంచి జిప్ తీయకుండా ఉంటే అసలు సమస్యే రాదు.

*ఫోటో మధ్యలో మసక మచ్చ.* చినుకు. ప్రతి ఐదు ఫోటోలకు లెన్సు చూసుకునే అలవాటు చేసుకోండి.

*ఎదురుగా వచ్చే ఇంజిన్ దీపం వల్ల అంతా చీకటి.* మాన్యువల్‌లో ఉంటే ఇది జరగదు. ఆటోలో ఉంటే దీపం మలుపు తిరగకముందే వెలుతురును లాక్ చేయండి.

*అంతా నీలంగా వచ్చింది.* మబ్బు రోజున ఇది మామూలే. వైట్ బ్యాలెన్స్ (రంగుల చాయను సరిచేసే సెట్టింగు) 6000 నుంచి 6500 కెల్విన్ మధ్య పెట్టండి. నీడల్లో కాస్త నీలం మిగలనివ్వండి, అదే చలిని చెబుతుంది.

*కొండచరియ పడి బండి రద్దయింది.* కూనూరు ఘాట్‌కు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన భారీగా పడుతుంది. ఆ నెలల్లో వెళ్లేవారు ఒక్కరోజు కోసం వెళ్లకండి, కనీసం మూడు రోజులు చేతిలో పెట్టుకోండి. బయలుదేరే ముందు రోజు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి.

10. ఇంటికి వచ్చాక అదే రాత్రి చేయవలసినవి

మన కొండ ఊళ్లలో జులై, ఆగస్టు నెలల్లో గోడలే చెమర్చుతాయి. ఆ తేమలో లెన్సుకు బూజు పట్టడానికి కొన్ని వారాలు చాలు. నా మొదటి మంచి లెన్సును ఒక వానాకాలమంతా తోలు సంచిలో పెట్టి ఉంచాను. తీసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాంటి తెల్లని దారాలు. తోలు తేమను పట్టి ఉంచుతుందని అప్పుడు తెలిసింది.

- ముందు బయట అంతా పొడి గుడ్డతో తుడవండి. తుడవకముందు లెన్సు విప్పకండి
- బ్యాటరీ, కార్డు తీసేయండి, మూతలు తెరిచి ఉంచండి
- ఫ్యాను గాలిలో రాత్రంతా పెట్టండి. పొయ్యి దగ్గర, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేయవద్దు
- బియ్యం డబ్బాలో పెట్టకండి, ఆ పిండి దుమ్ము సందుల్లోకి పోతుంది
- ఆరాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. కాస్త ఖర్చు ఎక్కువైనా తేమ చూపే చిన్న మీటరు ఉన్న డబ్బా కొనండి. ముల్లు 45 శాతం దగ్గర ఉంటే చాలు
- నీలి రంగు సిలికా గింజలు గులాబీ రంగుకు మారితే తేమ నిండినట్టు. వంటకు వాడని పాత మూకుడులో సన్నని మంట మీద మళ్లీ నీలం వచ్చేదాకా వేడి చేసి వాడుకోండి

కంప్యూటర్‌లోనో ఫోనులోనో ఫోటోలు దిద్దేటప్పుడు మంచును పూర్తిగా తుడిచేసే మీటను (డీహేజ్) చివరిదాకా లాగకండి. ముందు తెలుపులను కిందకు దించి ఆవిరి పొరలు తేవాలి, తర్వాత ఇంజిన్ మీది నలుపును కొంచెం లేపాలి, చివరగా మంచు మీటను ఒక గీత మేర కదపాలి. ఇడ్లీ పాత్ర ఫోటో పక్కన తెరిచి పెట్టుకుని పోల్చండి. ఆవిరి చుట్టలు అందులో విడివడినట్టే ఇందులోనూ విడివడే చోట ఆపేయండి.